మూడో నోటి మాట వినని నరేషను సారు

మొన్న హనుమకొండ బస్టాండులో నా పక్కన కూర్చున్న ఒక నడివయసు ఇల్లాలు సెల్‌ఫోనులో ఎవరినో గదమాయిస్తున్నది.

“గట్ల గాదే. ఆమె ఏమన్నదో గది చెప్పు. నువ్వు అనుకున్నది నాకెందుకు? ఆఁ... నీతోనే అన్నదా, ఇంకెవలితోనన్న అంటాంటే నువ్విన్నవా? మరి సూడు! గిదానికి పెద్దగ ఫోన్ జేసి చెప్తానవ్.”

నాకు నవ్వు వచ్చింది. వెంటనే మనస్సు చివుక్కుమన్నది. ఈ సంభాషణను విని, ‘ఈ తల్లి నా దగ్గర చదువుకున్నదా ఏంది?’ అని మురిసిపోవలసిన మనిషి ఈ వానకాలం మొదట్లోనే కన్నుమూశారు. నేను ఎక్కవలసిన బస్సు వచ్చి, నిలిచి, వెళ్లిపోయింది. నేను ఆయనతోనే కూర్చుండిపోయాను.

ఆయన పుట్టుపూర్వోత్తరాలు ఇక్కడ చెప్పబోవడం లేదు. అవి నాకు సరిగా తెలియవు కూడా. ఊరి అంచున ఉన్న ఒక సర్కారు బడిలో నేను తెలుగు చెప్పేవాడిని, ఆయన ఇంగ్లీషు చెప్పేవారు. ఒకే గోడకు ఇవతల నేను, అవతల ఆయన. నా పద్యం ఆయన తరగతిలోకి, ఆయన వ్యాకరణం నా తరగతిలోకి ధారాళంగా వచ్చి పోతుండేవి. పిల్లలు ఆయనను నరేషను సారు అనేవారు. అది ఆయన పేరు కాదు. ఇంగ్లీషు వ్యాకరణంలో, ఒకరన్న మాటను ఉన్నదున్నట్టు కొటేషన్ల నడుమ నిలిపి చెప్పడం డైరెక్ట్ స్పీచ్, ఆ మాటనే మన వాక్యంలోకి ఒదిగించి చెప్పడం ఇన్‌డైరెక్ట్ స్పీచ్. మొదటిదానిని రెండవదానిగా మార్చే పాఠానికి నరేషన్ అని వాడుక. తక్కిన ఉపాధ్యాయులు నాలుగు సూత్రాలు బోర్డు మీద వ్రాసి ముగించే ఆ పాఠం, మా సారు చేతిలో బతుకమ్మ సెలవులకు ముందు మొదలై చలి ముదిరేదాకా సాగేది. మధ్యలో వేరే పాఠాలు వచ్చి పోయేవి గాని అది మాత్రం తెగేది కాదు.

పొడగరి, బక్కపలచని మనిషి. ఎవరు మాట్లాడినా తల కొంచెం కుడివైపుకు వంచి, కళ్లు సగం మూసి వినేవారు. మాట్లాడేవారు తమ మాట చెప్పినంతసేపు ఆ భంగిమ మారేది కాదు. ‘ఫలానా ఆయన ఏమన్నడంటే...’ అని మరొకరి మాటను ఎత్తుకోగానే ఎడమచేతి రెండు వ్రేళ్లు పైకి లేచేవి. కొటేషను తెరుచుకున్నదన్నమాట. ఆ పరాయి మాట ముగిసిందని ఆయనకు నమ్మకం కలిగినప్పుడే ఆ వ్రేళ్లు దిగేవి. మనవాళ్లలో చాలామందికి ఎదుటివారి మాట ఎక్కడ ముగిసి తమ మాట ఎక్కడ మొదలవుతుందో తెలియదు గదా! అట్లాంటివారి ముందు ఆయన చేయి పాపం అలాగే గాలిలో ఉండిపోయేది.

“తలుపు ఇంకా తెరిచే ఉన్నది, బాపూ. ఇప్పుడు నువ్వన్నది ఆయన మాటనా, నీ మాటనా?” అని అడిగేవారు.

అడిగించుకున్నవాడు తడబడేవాడు. అప్పుడు తెలిసేది, ఆ మాటలో ముప్పాతిక అతడి సొంతమని.

గోడ అవతలినుంచి నేను విన్న పాఠాలలో ఒకటి మాత్రం నన్ను ఇప్పటికీ విడువలేదు. వాచకంలోని ‘రాముడు బడికి పోవుచున్నాను అనెను’ వంటి ఉదాహరణలంటే ఆయనకు గిట్టదు. ‘ఆ రాముడు ఎన్నడూ బడికి చేరడు, ఆ మాట అననూ అనడు’ అని తోసిపుచ్చేవారు. ఇంట్లో విన్న మాటలు తెచ్చుకొమ్మని పిల్లలకు చెప్పేవారు. ఒకనాడు ఒక పిల్ల లేచి, సంకోచపడుతూ, “సార్, మా అమ్మ నన్ను ‘సావు పో’ అన్నది. దీన్నెట్ల మార్చాలె?” అని అడిగింది. తరగతి గొల్లున నవ్వింది. ఆయన నవ్వలేదు.

“ఎప్పుడన్నది?”

“పొద్దుగాల, సార్.”

“ఏం జేస్తాంటే అన్నది?”

“జడేస్తాంటే. నేను తల నిలుపుతలేనని.”

“అన్నంక ఏం జేసింది? లేసి పోయిందా?”

“లేదు సార్. జడేసింది.”

“రిబ్బను గూడ కట్టిందా?”

“కట్టింది సార్. కుచ్చు పెట్టి కట్టింది.”

అప్పుడాయన సుద్దముక్క తీసుకొని, ‘అమ్మ నా మీద విసుక్కుంటూనే జడ వేసి రిబ్బను కట్టింది’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం పైకి చదువుతూ బోర్డు మీద వ్రాయడం నాకు వినిపించింది. “అమ్మ నన్ను శపించింది అని రాస్తిరనుకో, అక్షరం తప్పు లేకున్నా అమ్మ మీద దొంగకేసు పెట్టినట్టయితది. మాటను మార్చే ముందుగాల ఆ మాట ఏ మొఖంతోని అన్నరు, చేతులు ఆ టైముకు ఏం జేస్తానయ్, ఇవి అరుసుకోవాలె.” క్షణమాగి, గొంతు తగ్గించి, “ఇది ఇంటికి. ఇగ పరీక్షకు వేరే జవాబు చెప్తా, రాసుకోండ్రి. పరీక్షకు మీ అమ్మ తోటి పనిలేదు” అన్నారు.

ఇంటికొక జవాబు, పరీక్షకొక జవాబు. ఆయన విద్యార్థుల నోటుపుస్తకాలు రెండు వరుసలుగా నడిచేవి. తనిఖీకి వచ్చిన ఒక అధికారి ఇదేమిటని అడిగితే, “మొదటి వరుసకు మార్కులెయ్యకుండ్రి సార్, అది వాళ్ల బతుకు” అన్నారట. ఇది నేను చెవులారా విన్నది కాదు. ఆయన బ్రతికి ఉంటే ‘ఎవరన్నరు?’ అని నన్నే నిలదీసేవారు గనుక ఈ ‘ట’ను ఇక్కడ భద్రంగా ఉంచుతున్నాను.

నాకు ఆయనతో భాషా విషయంలో కయ్యం నిత్యకృత్యం. సంప్రదాయ పాండిత్యం చదువుకున్నవాడిని గనుక నా భాష మీద నాకు అభిమానం మెండు. “మీ ఇంగ్లీషులో ఒకరన్న మాటను చెప్పాలంటే కాలం వెనక్కి జరపాలి, ‘నేను’ను ‘ఆయన’ చేయాలి, ‘రేపు’ను ‘మరునాడు’ చేయాలి. ఇంత వడ్రంగం దేనికి? మా తెలుగులో ‘అని’ అనే రెండక్షరాలు చాలు. వస్తానని చెప్పాడు, పోతానని చెప్పాడు. మాట నలగకుండా పూలబుట్టలో పెట్టి అందించినట్లు ఉంటుంది” అన్నాను ఒకనాడు గర్వంగా.

ఆయన టీ గ్లాసు దించి, చాలా వినయంగా, “అందుకే పంతులు గారూ, మీ భాషల చాడీలు చెప్పుడు అంత అల్కగ ఉంటది” అన్నారు.

స్టాఫ్‌రూము అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఏం చేస్తాను?

చాడీ అన్నది ఆయన ముందు నిలవలేదు. దానికి కారణం ఆయన సాధుత్వం కాదు. ఆయన పద్ధతి అట్లాంటిది. ఎవరైనా ‘ఫలానా వాడు నిన్ను ఇట్లన్నాడు’ అని చెవిలో వేస్తే, విన్నవాడి చేయి, చెప్పినవాడి చేయి, ఇద్దరివీ పట్టుకొని, ఆ ఫలానా వాడి దగ్గరకు నడిపించుకొని పోయేవారు. నేనొకసారి ఆ ఊరేగింపులో నడిచాను. ఆటల సారు వచ్చి, హెడ్మాస్టరు నన్ను గురించి ‘పద్యాలు పాడుకుంట పీరియడ్లు పాడు జేస్తాండు’ అన్నాడని చెప్పాడు. నా ముఖం మాడిపోయింది. నరేషను సారు వ్రేళ్లు లేపి, దించి, “నడువుండ్రి” అన్నారు. ఆటల సారు, “అయ్యో, నేను ఊకెనే అన్న సార్, ఇడిసిపెట్టుండ్రి” అని ఎంత గుంజుకున్నా వదలలేదు.

హెడ్మాస్టరు మా ముగ్గురినీ చూసి, సంగతి విని, “అన్న. ఎందుకనలే?” అన్నాడు నిర్భయంగా. “బెల్లు కొట్టినంక గూడ పాడుతాండు. లెక్కల సారు వాకిట్ల నిలబడి ఎదురుచూస్తాండు. పంతులు గారూ, మీ గొంతు బాగుంటది. నేను గూడ ఇంటనే ఉంట. కానీ బెల్లు బెల్లే గదా!”

ఆటల సారు అబద్ధం చెప్పలేదు. అన్నమాట అన్నదే. అయినా విచిత్రమేమంటే, వరండాలో విన్నప్పుడు కొండంత ఉన్న నింద, ఎదురుగా విన్నప్పుడు గంట కొట్టే ఇనుపముక్కంత అయిపోయింది. తేలికపడి తిరిగి వచ్చాను. ఆనాటి నుంచి బెల్లు కాగానే పద్యాన్ని సగం పాదంలో నిలిపివేసేవాడిని. పిల్లలు మిగతాది వరండాలో పాడుకుంటూ పోయేవారు.

ఇటువంటి మనిషితో కాపురం సులభం కాదు. వారి ఇల్లాలు మా ఇంటికి వచ్చినప్పుడల్లా నా భార్యతో మొర పెట్టుకునేది: “ఏం చెప్పాలె వదినా! పక్కింటామె మన పప్పుచారు పల్చగుందన్నదని నోరుజారి అన్న. గామెను పిలుచుకొచ్చి కూసోబెట్టిండు. ‘అమ్మా, మా ఇంటామెతోని మీరేమన్నరో జర మల్లొక్కసారి అనుండ్రి’ అంటడు. గామె బుగులుపడి, ‘మస్తున్నది సార్, ఇంకో గిన్నెడు పొయ్యిండ్రి’ అన్నది. ఇగ ఆమె మా గడప తొక్కితే ఒట్టు!” పెళ్లి సంబంధాలు కుదిర్చేవారు ఆయన వీధిలోకి రావడానికి జంకేవారు. మాటలు మోయడం వృత్తిగా గల వారికి ఆయన వాకిలి ఒక చెక్‌పోస్టు వంటిది.

ఆయన పద్ధతిని వినోదంగా చూసిన నేను, దాని విలువను మరిపెడ ప్రయాణంలో గ్రహించాను. ఆ ప్రయాణం మా ఇంటిది. అందులో బాధ నా భార్యది.

మా తండ్రిగారు పోయినప్పటి మాటతో మొదలుపెట్టాలి. మా వైపు ఒక ఆచారమున్నది. ఇంట్లో పెద్దదిక్కు పోతే, కర్మకాండ తీరిన తరువాత, కోడలి పుట్టింటివారు వచ్చి ఆమెను తోలుకపోయి, స్నానం చేయించి, అన్నం పెట్టి, ఆ రాత్రి తమ ఇంట పడుకోబెడతారు. దీనిని ‘నిద్ర’ అంటారు. పుట్టింటివారు స్వయంగా వచ్చి పిలిస్తేనే పోవాలి. ఆ నిద్ర తీరని కాలు తనంతట తాను పుట్టింటి గడప తొక్కితే ఆ ఇంటికి కీడని నమ్మకం. నా భార్యకు తల్లిదండ్రులు లేరు. ఉన్నది ఒక తమ్ముడు. మరిపెడలో రోడ్డు పక్కన కిరాణా దుకాణం. వెనుక ఇల్లు. అతడిని ఎత్తుకొని పెంచింది ఈమే.

మా తండ్రిగారు పోయేనాటికి ఆ తమ్ముడు గుండె ఆపరేషనై మంచం మీద ఉన్నాడు. అయినా కబురు వినగానే బయలుదేరుతానని పట్టుబట్టాడట. అతడిని ఆపమని నా భార్య ఒక బంధువుతో మాట పంపింది. ఆయన ఆమెకు వరుసకు చిన్నాయన. మరిపెడ నుంచి మిర్చి లోడు వెంట మా దగ్గరి ఎనుమాముల మార్కెట్టుకు తరచూ వచ్చిపోయే మనిషి. బస్తాలతో పాటు రెండు వైపుల ముచ్చట్లూ మోసేవాడు. అందులో కల్మషమేమీ లేదు. దారిలో ఊరకే రావడం ఆయనకు తెలియదు, అంతే.

పదకొండో రోజు వచ్చింది. కర్మ తీరింది. మరిపెడ నుంచి ఎవరూ రాలేదు. సాయంత్రం దాకా నా భార్య చీర కొంగు నడుముకు చుట్టుకొని వాకిట్లోనే తిరిగింది. మా వైపు ఆడవారు మాటలతో ఏమీ అనలేదు. కాని ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మరునాడు మా మేనత్త కూతురు తోలుకపోయి పేరుకు నిద్ర తంతు ముగించింది. ఈమె పోయింది, పడుకున్నది, వచ్చింది. పుట్టింటి మాట మాత్రం ఆనాటితో మానివేసింది. ఫోను చేసి అడుగరాదా అంటే, “నిద్రకు పిలుపు ఫోన్ల ఉంటదా? వచ్చి చెయ్యివట్టి తోలుకపోవాలె. వానికే లేనిది నాకెందుకు?” అనేది. అవతల తమ్ముడూ ఫోను చేయలేదు. ఏండ్లు గడిచాయి. రాఖీ పున్నమలు వచ్చి పోయాయి. ఆనాడు ఆమె ఏ పనీ లేకున్నా తలనొప్పి అని పడుకునేది.

నేనూ నరేషను సారూ ఉద్యోగ విరమణ చేశాక, ఆయన సాయంత్రం నడకకు వెళ్తూ మా ఇంట్లో ఆగి టీ త్రాగడం అలవాటు. ఒకనాడు ఆయన వచ్చేసరికి చిన్నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నా భార్య స్తంభానికి ఆనుకొని నిలబడి ఉన్నది.

“మీ తమ్ముని మల్ల దవాఖానల షరీకు జేస్తరట బిడ్డా,” అంటున్నాడు చిన్నాయన. “ఇంకో ఆపరేషనట. డాక్టరు ఫికరే అంటాండు.”

“నన్ను యాది జేసిండా, చిన్నాయినా?”

“ఏడ? నేనే అడిగిన, అక్కకు చెప్పాల్నా అని. ‘ఆమె ఎందుకస్తది?’ అన్నడు.”

నా భార్య కళ్లు నిండాయి. అప్పటికే నరేషను సారు ఎడమచేయి లేచి ఉన్నది.

“ఆ మాట అనంగ ఎటు జూసిండు?” అని అడిగారు ఆయన.

చిన్నాయన ఆలోచించాడు. “ఎటు... గోడ దిక్కు మల్లిండు, సారూ.”

“మల్లి?”

“మల్లి ఏముంటది? దుప్పటి ముఖం మీదికి గుంజుకున్నడు.”

“అంతకుముందు, వీళ్ల మామగారు పోయినప్పుడు, ఈ చెల్లెమ్మ మాట తీసుకపోయింది ఎవలు?”

“నేనే!” అన్నాడు చిన్నాయన గర్వంగా.

“ఏమని చెప్పిన్రు?”

“ఏమన్నదో గదే చెప్పిన. ‘మీ అక్క నిన్ను రావద్దన్నది, వస్తె నేనొప్ప అన్నది’ అని. ఒక్క ముక్క కలుపలే. కావాల్నంటే అడుగుండ్రి, ఎదురుంగనే ఉన్నది.”

నా భార్య గుండె మీద చేయి వేసుకున్నది. “అయ్యో చిన్నాయినా! కుట్లు సుత ఆరలే, గీ వానల బస్సుల కుదుపులకు వాడు ఆగుతడా అని ఏడ్సుకుంట చెప్తి గద. గదేం చెప్పలేదా?”

చిన్నాయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. “గది నేను చెప్పుడేంది బిడ్డా? వాని కుట్లు వానికి తెల్వదా?”

నరేషను సారు చేయి మెల్లగా దిగింది. టీ గ్లాసు అట్లాగే ఉంచి లేచారు. “రేపు పొద్దుగాల బస్సుకు పోదాం. చెల్లెమ్మా, నువ్వు. పంతులు గారూ, మీరు. చిన్నాయన గారూ, మీరు గూడ.”

“నేనెందుకు సారూ? నాకు మార్కెట్ల మిర్చి బేరం ఉన్నది!”

“మీ మిర్చి ఎల్లుండికి గూడ కారంగనే ఉంటది. రాండ్రి.”

నా భార్య తల అడ్డంగా ఊపింది. “నేను రాను సార్. పిలువని కాలు నాది. పుట్టింట నిద్ర తీరని కాలు. వాడసలే పానం బాగలేక ఉన్నడు. నా కాలు వెట్టి వానికేమన్న అయితే?”

నాకప్పుడు అర్థమైంది, ఇన్నేండ్లూ ఆమెను ఆపింది పంతం ఒక్కటే కాదని. ఆమె కోపం మీద ఉన్నదని నేననుకున్నాను. ఆమె భయం మీద ఉన్నది. నమ్మకాల మీద నాకున్న శాస్త్రవాక్యాలన్నీ నోటిదాకా వచ్చాయి. సారు నా మోచేయి నొక్కారు. ఆయన ఆ ఆచారాన్ని తప్పనలేదు, ఒప్పనలేదు.

“గడప తొక్కకు, చెల్లెమ్మా. రోడ్డు మీద నిలబడు. రోడ్డు సర్కారుది. ఆయన పిలిస్తె లోపలికి పో. పిలువకుంటే అందరం మల్లొద్దాం. కానీ పిలుస్తడో పిలువడో ఆయన నోటనే ఇందాం.”

ఈ కథలో ఎవరి ప్రాణం ఏమవుతుందోనని పాఠకులు కలవరపడవద్దు. నా బావమరిది రెండవ ఆపరేషను నుంచి బాగానే బయటపడ్డాడు. ఇప్పటికీ దుకాణంలో కూర్చుని, తినకూడదని వైద్యులు చెప్పిన పల్లీపట్టీలు గల్లా వెనుక దాచుకొని తింటున్నాడు. కాని ఆనాడు తొర్రూరు దాటుతున్న బస్సులో ఆ ధైర్యం మాలో ఎవరికీ లేదు. నా భార్య కిటికీ పక్కన బిగుసుకొని కూర్చున్నది. ప్రొద్దున్నే లేచి చేసిన సకినాలు ఒళ్లో సంచిలో ఉన్నాయి. దారిపొడుగునా మంచినీళ్లు కూడా ముట్టలేదు. వెనుక సీట్లో చిన్నాయన, “అన్న మాటే చెప్పిన, అన్న మాటే చెప్పిన” అని తనలో తాను అనుకుంటున్నాడు. సారు ఆయన భుజం మీద చేయి వేసి, “మీ తప్పేం లేదు, మాటలు బాగనే మోసిన్రు” అని ఓదార్చారు.

మరిపెడలో దిగేసరికి ఎండ ఎక్కింది. దుకాణం ఎదురుగా, మోరీ కాలువకు ఇవతల, రోడ్డు అంచున నా భార్య నిలబడింది. నేను ఆమె పక్కన నిలబడ్డాను. సారు ఒక్కరే మోరీ మీది బండ దాటి లోపలికి వెళ్లారు. గల్లా దగ్గర కూర్చున్న మరదలు, తమ్ముడి భార్య, బయటికి చూసి, “వదినె! అయ్యో, గాడ నిలబడ్డరేంది?” అని అరిచి, లేవాలో వద్దో తెలియక సగం లేచి నిలిచిపోయింది. లోపల మంచం మీది మనిషితో సారు మాట్లాడటం మాకు వినిపిస్తూనే ఉన్నది.

“మీ అక్క బయట నిలబడ్డది. ఆమె చెప్పేది ఆమె దగ్గరున్నది, మీరు అడిగేది మీ దగ్గరున్నది. నా దగ్గర ఏ మాట లేదు.”

అంతే. ఆయన బయటికి వచ్చి దుకాణం బల్ల మీద కూర్చున్నారు.

ఎంతసేపైందో. ఒక లారీ దుమ్ము లేపుతూ పోయింది. దుమ్ము అణిగేసరికి గడప మీద నా బావమరిది ఉన్నాడు. భుజాన తువ్వాల. ఒక చేయి ద్వారబంధం మీద. మనిషి సగానికి సగం తగ్గిపోయాడు. అక్కను చూశాడు.

“గా ఎండల ఎందుకు నిలబడ్డవ్?” అన్నాడు.

“పిలువనిది ఎట్ల రావాల్రా?”

“నువ్వే గద రావద్దంటివి.”

“నిన్ను రావద్దన్న! కుట్లు ఇడుస్తయని వద్దన్న! నన్ను తోలుకపోవద్దని అన్ననా?”

చిన్నాయన ముందుకు వచ్చాడు. “అగో, నేను అన్న మాటే...”

“నువ్వాగు చిన్నాయినా!” అన్నారు అక్కాతమ్ముళ్లు ఒక్క గొంతుతో.

తరువాత ఇద్దరూ ఉలిక్కిపడి ఒకరినొకరు చూసుకున్నారు. బావమరిది ద్వారబంధం వదలి, మెట్టు దిగి, మోరీ బండ వైపు అడుగు వేశాడు.

“దిగకురా! ఆడనే ఉండు! మల్ల ఏమన్న అయితది, రావద్దు!” అని నా భార్య కేక వేసింది.

అతడు బండ మీద ఆగి, ఆయాసపడుతూ, మొదటిసారి నవ్వాడు. “మల్ల వద్దంటానవా? ఇని ఇని పరేషానైన అక్కా. ఈసారి ఇనను.”

దాటి వచ్చి, ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టులో బలం లేదు. ఆమె పాదాలే కదలక కదలక కదిలాయి. “నిద్రకు రా అక్కా,” అన్నాడు. “లేటయింది.”

నా భార్య నావైపు చూడలేదు, సారువైపు చూడలేదు. తమ్ముడి నడుము చుట్టూ చేయి వేసి, నడిపించుకుంటున్నది ఆమెయో అతడో తెలియకుండా, మోరీ దాటి, గడప దాటి లోపలికి వెళ్లింది. గల్లా దగ్గర మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడుస్తూనే ఉప్పు అడిగిన గిరాకీకి పంచదార తూచి ఇచ్చింది.

మేము ముగ్గురం బల్ల మీద కూర్చున్నాం. లోపల నా భార్య గొంతు లేచింది. “పదకొండో నాడు వాకిట్ల కుక్క తిరిగినట్టు తిరిగినరా నేను!” అన్నది. అతడి గొంతు కూడా లేచింది. “నాకేమన్న కలవడ్డదా? రాఖీకన్న రావద్దా? మూడు రాఖీలు కొని నేనే కట్టుకున్న!” “అబద్ధం!” “మీ మరదల్ని అడుగు!” “అబద్ధం కాదు వదినె, కట్టుకున్నడు, నేనే ముడేసిన!” గిన్నెలు చప్పుడయ్యాయి. ఎవరో నవ్వారు. మళ్లీ ఎవరో ఏడ్చారు. మళ్లీ కొట్లాట మొదటికి వచ్చింది, ఈసారి చిన్ననాడు ఎవరు ఎవరిని కొట్టారన్న దాకా పోయింది.

చిన్నాయన కంగారుపడ్డాడు. “సారూ, కొట్లాడుకుంటాండ్లు. గుండె మనిషి. జర పోయి చెప్పుండ్రి.”

నరేషను సారు తల వంచలేదు, చేయి లేపలేదు. బల్ల కింద చెప్పులు కాళ్లతో వెదుక్కుంటున్నారు. నా జీవితంలో అంత నిశ్చింత గల ముఖం నేను తక్కువగా చూశాను.

ఇంతలో నా భార్య వాకిట్లోకి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, కొంగు నడుముకు చెక్కి ఉన్నది. “ఇగో, ఇంటున్నరా? మీరు పోండ్రి. నేను రాత్రికి ఈడనే పండుకుంట. పాలు కాగవెట్టుకోండ్రి, మాడగొట్టకుండ్రి. సార్, తిని పోండ్రి. చిన్నాయినా, నువ్వు సుత. చేతులు కడుక్కో పో.” అంటూనే లోపలికి తిరిగి, “ఏమంటానవురా? నేనా కొట్టింది?” అని కేక వేస్తూ వెళ్లిపోయింది.

సారు చెప్పులు తొడుక్కొని, నా భుజం తట్టారు.

“తిని పోదాం పంతులు గారూ,” అన్నారు. “ఈడ మనతోని ఇగ ఏం పని లేదు.”